పెద్దోళ్ళ రోగమేనా?

కర్నూలు జిల్లా పడమటి దిక్కున కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాలు ఉన్నాయి. అక్కడ వాన వస్తేనే పంట. వాన రాకుంటే సుగ్గి. సుగ్గికి పోవడం అంటే ఇంటికి తాళం వేసి, పిల్లలను వెంటబెట్టుకొని, పని దొరికే చోటికి పోవడం. గుంటూరు దిక్కుకు మిరపకాయలు కోయడానికి పోతారు. బెంగళూరుకు కట్టడాల పనికి పోతారు. ఊళ్ళో ముసలోళ్ళు మిగులుతారు.

అట్లా మిరప కోతకు పోయిన ఒక జట్టులో ఒకామె ఉంది. వయసు 46 ఏళ్ళు. జట్టులో అందరూ పెద్దక్కా అని పిలుస్తారు. బక్కపలచని మనిషి. అయినా బస్తా ఎత్తడంలో మగోళ్ళకు తీసిపోదు. నలభై దాటినాక పలక పట్టింది. సంతకం నేర్చుకుంది. బ్యాంకులో వేలిముద్ర వేయనని పట్టుబట్టి సంతకం చేసి వచ్చిన మనిషి.

ఒకరోజు పొద్దున చేలో కాయ కోస్తా ఉంది. కుడిచేతిలో కాయ నిలవలేదు. జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ జారింది. పక్క సాలులో ఉన్న చెల్లెలు "ఏమైందక్కా?" అని అడిగింది. పెద్దక్క ఏదో చెప్పబోయింది. మాట ముద్దగా వచ్చింది. మూతి ఒక పక్కకు పోయింది.

"గాలి సోకింది" అన్నారు ఒకరు. "ఎండదెబ్బ" అన్నారు ఇంకొకరు. నీడన పండబెట్టారు. నిమ్మకాయ తిప్పారు. సాయంత్రం దాకా చూశారు. మరునాడు పసరు మందుకు తీసుకుపోయారు. నాలుగో రోజుకు కర్నూలు పెద్దాసుపత్రికి చేర్చారు.

అక్కడ తలకు స్కానింగ్ తీశారు. మెదడుకు నెత్తురు తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డం పడింది అని డాక్టరమ్మ చెప్పింది. పక్షవాతం అంటే ఇదే అని చెప్పింది. కాగితాల మీద పెద్దక్క చేత వేలిముద్ర వేయించారు. సంతకం నేర్చుకున్న చెయ్యి లేవడం లేదు.

పెద్దక్క మొగుడికి నమ్మకం కలగలేదు.

"మేము కూలోళ్ళం తల్లీ. నెయ్యి ఎరగం. కోడికూర పండగకే. కూర్చొని తినే ఒళ్ళు కాదు మాది. ఇది పెద్దోళ్ళ రోగం కదా?" అని అడిగినాడు.

"బీపీ బిళ్ళలు వాడుతా ఉండేదా?" అని డాక్టరమ్మ అడిగింది.

"రెండేండ్ల కింద ఇచ్చినారు. తలనొప్పి పోయింది. మానేసింది."

డాక్టరమ్మ చీటీ రాసి ఇచ్చింది. వరుసలో ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు. ఆయన అడిగిన ప్రశ్నకు అక్కడ జవాబు దొరకలేదు.

పెద్దక్క ఇంటికి వచ్చింది. నర్సమ్మ చూడటానికి వచ్చింది. మొగుడు మళ్ళీ అదే మాట అడిగినాడు. నర్సమ్మ అరుగు మీద కూర్చుంది. చుట్టుపక్కల ఆడోళ్ళు వచ్చి చేరారు. ఆమె చెప్పింది ఒక్క పూటలో అయిపోలేదు. వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం చెప్పింది.

ముందు ఒక లెక్క చెప్పింది. 2003, 2004 సంవత్సరాల్లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 పల్లెలను తీసుకొని, మనుషులు దేనితో చనిపోతున్నారో విచారించారు. ఒక్క ఏడాదిలో 1,354 మంది చనిపోయారు. అందులో 100కు 32 మంది గుండె, రక్తనాళాల జబ్బులతోనే పోయారు. అంటురోగాలతో పోయినవాళ్ళ కంటే వీళ్ళే ఎక్కువ. గోదావరి దిక్కు మాగాణి. ఇక్కడిది మెట్ట. రెండూ ఒకటి కావు. అయినా ఇది పట్నం రోగమనే మాట మాత్రం అక్కడే వీగిపోయింది.

నాళం అంటే ఏమిటి?

ఒళ్ళంతా నెత్తురు గొట్టాల్లో తిరుగుతుంది. వాటినే రక్తనాళాలు అంటారు. ఊళ్ళల్లో అన్నిటినీ కలిపి నరాలు అంటారు. గుండె నుంచి ఒంటికి నెత్తురు తీసుకుపోయే నాళాలను ధమనులు అంటారు. తిరిగి గుండెకు తెచ్చేవి సిరలు. మణికట్టు మీద వేలు పెట్టి చూడండి. టక్ టక్ అని కొట్టుకునేది ధమనే.

గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటుంది అనుకోండి. రోజుకు లక్ష సార్లు. కొట్టిన ప్రతిసారీ ధమని కొంచెం ఉబ్బాలి. మళ్ళీ దగ్గరకు రావాలి. మంచి ధమని మెత్తగా ఉంటుంది, సాగుతుంది.

చేలో డ్రిప్పు పైపు చూసే ఉంటారు. కొత్తప్పుడు చుట్ట చుడితే చుట్టినట్టు ఉంటుంది. నాలుగేళ్ళు ఎండకు పడి ఉంటే ఏమవుతుంది? గట్టిపడుతుంది. వంచితే పగులుతుంది. ఉప్పునీళ్ళు పారితే లోపల తెల్లగా పొర కడుతుంది. చుక్క పడే బెజ్జాలు పూడిపోతాయి. మోటారు మాత్రం అదే జోరుతో తోస్తా ఉంటుంది. అప్పుడు పైపు ఎక్కడో ఒకచోట చిట్లుతుంది. లేదా చివరి సాలుకు నీళ్ళు అందవు.

ధమని గతీ కొంత అంతే. గట్టిపడితే గుండె మరింత జోరుగా తోయాలి. అదే బీపీ ఎక్కువ కావడం. లోపలి గోడ గీసుకుపోతుంది. అక్కడ కొవ్వు, సున్నం పేరుకుంటాయి. నెత్తురు గడ్డ కడుతుంది. ఆ గడ్డ గుండె నాళంలో అడ్డం పడితే గుండెపోటు. మెదడు నాళంలో పడితే పక్షవాతం. డ్రిప్పు పైపు పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు. ధమని మాత్రం పుట్టినప్పటి నుంచీ ఉన్నదే.

"మరి నా బిడ్డ పైపు నలభై ఆరేండ్లకే ఎందుకు ఎండింది?" అని పెద్దక్క తల్లి అడిగింది. ఆమెను అందరూ అవ్వ అంటారు.

"నీ బిడ్డ కడుపులో ఉన్నప్పుడు నువ్వేం తిన్నావవ్వా?" అని నర్సమ్మ ఎదురు ప్రశ్న వేసింది.

కడుపులో మొదలైన లెక్క

అవ్వ నవ్వింది. తర్వాత చెప్పింది.

"ఏం తింటాను? ఆ యేడు వాన లేదు. కరువు పనికి పోయి కంకర కొట్టినా. ఏడో నెల దాకా కొట్టినా. గంజి తాగినా. గంజిలోకి ఉప్పు, మిరపకాయ. పురుడు ఇంట్లోనే. బిడ్డ ఎంత బరువుందో ఎవరు తూచినారు? చేటలో ఏస్తే చేట నిండలేదు."

ధమని గోడలో సాగే నార ఉంటుంది. రబ్బరు దారం లాంటిది. ఆ నారలో ఎక్కువ భాగం బిడ్డ కడుపులో ఉన్నప్పుడు, పుట్టిన తర్వాత మొదటి ఏండ్లలో తయారవుతుంది. తర్వాత కొత్తగా తయారయ్యేది చాలా తక్కువ. తల్లికి తిండి లేకపోతే బిడ్డ ఒళ్ళు ఉన్నదానితో సర్దుకుంటుంది. ముందు మెదడుకు చూసుకుంటుంది. మిగతా అవయవాలకు తక్కువ పడుతుంది. పాపం, ఆ బిడ్డ బతకడానికే అట్లా చేస్తుంది. ఆ లోటు నలభై ఏండ్ల తర్వాత బయటపడవచ్చు.

ఈ సంగతి ఎట్లా తెలిసింది? కొందరు ఆడోళ్ళు పుస్తకంలో రాసిపెట్టడం వల్ల తెలిసింది.

ఇంగ్లండు దేశంలో హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే జిల్లా ఉంది. అక్కడ 1911 నుంచి మంత్రసానులు పుట్టిన ప్రతి బిడ్డనూ తూచి, బరువు రాశారు. ఏడాది నిండినాక ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి పోయి మళ్ళీ తూచి రాశారు. వాళ్ళ మీద పెద్దగా ఉన్నామె పేరు ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్. ఆ పుస్తకాలు చాలా కాలం మూలన పడి ఉన్నాయి. డేవిడ్ బార్కర్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసేవాళ్ళు వాటిని తెరిచారు. అప్పటి మగబిడ్డలు పెద్దవాళ్ళయి ఎట్లా చనిపోయారో వెతికారు. తక్కువ బరువుతో పుట్టి, ఏడాదికి కూడా బరువు పెరగని వాళ్ళే గుండెజబ్బుతో ఎక్కువగా పోయారని 1989లో చెప్పారు.

ఇంగ్లండు సంగతి ఇక్కడికి పనికి వస్తుందా అనే అనుమానం రావచ్చు. కర్నూలుకు మైసూరు మరీ దూరం కాదు. మైసూరులో హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆసుపత్రి అనే పాత మిషన్ ఆసుపత్రి ఉంది. అక్కడ కూడా 1934 నుంచి కాన్పుల పుస్తకాలు దాచారు. 1934కూ 1954కూ మధ్య అక్కడ పుట్టిన 517 మంది ఆడవాళ్ళను, మగవాళ్ళను వెతికి పట్టుకొని గుండె పరీక్షలు చేశారు. 1996లో ఫలితం చెప్పారు. రెండున్నర కిలోలు, అంతకు తక్కువ బరువుతో పుట్టినవాళ్ళలో 100కు 11 మందికి గుండె నాళాల జబ్బు ఉంది. మూడు కిలోలు దాటి పుట్టినవాళ్ళలో 100కు ముగ్గురికే ఉంది.

తక్కువ బరువుతో పుట్టిన ప్రతివాళ్ళకూ ఈ జబ్బు వస్తుందని కాదు. 100కు 89 మందికి రాలేదు కదా. అవ్వ ఈ మాట రెండుసార్లు చెప్పించుకొని విన్నది. తప్పు తనదేమో అని ఆమె భయం. కరువులో కడుపుతో ఉండి కంకర కొట్టిన తల్లిది తప్పెట్లా అవుతుంది?

ఉప్మా పెట్టిన పల్లెలు

ఇంకో సంగతి తెలుగు పల్లెల్లోనే జరిగింది. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. తిండి గురించి పరిశోధన చేసే పెద్ద సంస్థ అది. హైదరాబాదుకు దగ్గరలో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో 1987 నుంచి 1990 వరకు వాళ్ళు ఒక పని చేశారు.

మొత్తం 29 పల్లెలు. అందులో 15 పల్లెల్లో అప్పటికే అంగన్‌వాడీ పథకం వచ్చింది. అక్కడ గర్భిణులకు, బాలింతలకు, ఆరేండ్ల లోపు పిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా పిండితో చేసి, సోయా నూనె పోసిన ఉప్మా. మిగతా 14 పల్లెలకు ఆ పథకం ఇంకా రాలేదు. ఉప్మా కూడా లేదు.

తర్వాత ఎవరి బతుకు వాళ్ళది. పిల్లలు బడికి పోయినవాళ్ళు పోయారు. మానినవాళ్ళు మానారు. 2003 నుంచి 2005 వరకు పరిశోధకులు మళ్ళీ ఆ పల్లెలకు పోయారు. అప్పటి పసిపిల్లలకు ఇప్పుడు 13 నుంచి 18 ఏండ్లు. 1,165 మందిని పరీక్షించారు. నెత్తురు తీసి చూశారు. మణికట్టు మీద పెన్ను లాంటి పరికరం ఆనించి, ధమని ఎంత మెత్తగా ఉందో చూశారు.

ఉప్మా పెట్టిన పల్లెల పిల్లలు సుమారు ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తు ఎక్కువ ఉన్నారు. వాళ్ళ ఒళ్ళు చక్కెరను మెరుగ్గా వాడుకుంటా ఉంది. వాళ్ళ ధమనులు కొంచెం మెత్తగా ఉన్నాయి. బీపీలో మాత్రం పెద్ద తేడా కనిపించలేదు.

ఈ తేడాలు చిన్నవే. ఆ పల్లెలకూ ఈ పల్లెలకూ వేరే తేడాలు కూడా ఉండి ఉండవచ్చు. అంతా ఉప్మా మహిమే అని పరిశోధకులు కూడా అనలేదు. కానీ ఒక్కమాట ఆలోచించండి. తల్లి కడుపుతో ఉన్నప్పుడు తిన్న గిన్నెడు ఉప్మా, పదిహేనేండ్ల తర్వాత బిడ్డ మణికట్టు దగ్గర కనిపించింది.

పెద్దక్క చిన్నకోడలు ఈ ముచ్చట దగ్గర ఉలిక్కిపడి చూసింది. ఆమెకు అయిదో నెల.

చివరగా తినే మనిషి

పుట్టుక ఒక్కటే కాదు. ఆ తర్వాత బతుకంతా నాళం మీద పడుతుంది. పెద్దక్క సంగతే చూడండి.

పదేండ్లకే తమ్ముణ్ణి ఎత్తుకొని ఇంటి కాడ ఉంది. బడి లేదు. పదహారుకు పెండ్లి. పద్దెనిమిదికి మొదటి కాన్పు. తన ఒళ్ళు పెరగాల్సిన వయసులో బిడ్డను పెంచింది. నలుగురు బిడ్డలు. ప్రతి కాన్పు తర్వాత నెత్తురు తక్కువే. ఇంట్లో ముందు మగోళ్ళు, తర్వాత పిల్లలు, తర్వాత అత్త. చివరగా పెద్దక్క. అడుగున మిగిలిన అన్నం, అందులోకి ఊరగాయ. పప్పు అప్పటికే అయిపోయి ఉంటుంది.

ఉప్పు కారంతో కడుపు నింపుకోవడం పేదోళ్ళ పద్ధతి అయిపోయింది. కూర లేనప్పుడు ఉప్పే కూర. ఆ ఉప్పు బీపీని పెంచుతుంది. ఒక మనిషికి రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఒక చిన్న చెంచా. ఊరగాయలో, ఊరిబిండిలో, వడియాల్లో ఉన్నది కూడా కలిపి.

ఒకప్పుడు ఈ నేలలో తిండి వేరుగా ఉండేది. కర్నూలు దిక్కు జొన్నరొట్టె, కొర్రబువ్వ. కడప దిక్కు రాగి సంగటి. వరి అన్నం పండగ తిండి. కొర్రలకు నంద్యాల ఇప్పటికీ పేరే. అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచే సూర్యనంది అనే కొర్ర రకం వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. ఆకలి తగ్గింది. అది చిన్న మేలు కాదు. పస్తులున్నవాళ్ళనే అడగండి. కానీ మెల్లమెల్లగా కంచం నిండా బియ్యమే మిగిలింది. పప్పు, ఆకుకూర, చిరుధాన్యం పక్కకు పోయాయి. బక్కగా పుట్టి బక్కగా పెరిగిన ఒళ్ళుకు మూడు పూటలా తెల్లన్నం, తియ్యటి టీ తోడైతే షుగరు జబ్బు తొందరగా పట్టుకుంటుంది. షుగరు కూడా నాళాన్ని తినేస్తుంది.

పెద్దక్క చేలో శనక్కాయలు పండించింది. ఆ కాయలు మిల్లుకు పోయాయి. ఇంటికి పామాయిలు వచ్చింది.

పొగ సంగతి కూడా ఉంది. కంపచెట్టు కట్టెల పొయ్యి ముందు ముప్పై ఏండ్లు కూర్చుంది. ఆ పొగ ఊపిరితిత్తులతో ఆగదు. నెత్తురులో కలిసి నాళాల గోడను గీస్తుంది. మొగుడు తాగే బీడీ పొగ, తాను నమిలే పొగాకు కూడా అదే పని చేస్తాయి. 1999లో దీపం పథకం కింద గ్యాసు పొయ్యిలు ఇవ్వడం మొదలైంది. పొయ్యి వచ్చినా సిలిండరు కొనలేక మళ్ళీ కంప కొట్టుకొచ్చిన ఇండ్లు చాలా ఉన్నాయి.

అప్పు కూడా నెత్తురులో చేరుతుంది

అప్పుకూ నాళానికీ ఏం సంబంధం అని పెద్దక్క మొగుడు అడిగినాడు.

ఎద్దు పొడవడానికి మీదికి వస్తే ఏమవుతుంది? గుండె దడదడ కొట్టుకుంటుంది. నాళాలు బిగుసుకుంటాయి. బీపీ పెరుగుతుంది. ఒళ్ళు పరుగెత్తడానికి తయారవుతుంది. ఎద్దు పోయినాక అన్నీ తిరిగి మామూలుకు వస్తాయి. ఇది ఒళ్ళు చేసుకున్న మంచి ఏర్పాటు.

కానీ వడ్డీ అట్లా తిరిగిపోదు. విత్తనాలకు అప్పు. బోరు వేస్తే నీళ్ళు పడలేదు. ఇంకో బోరుకు ఇంకో అప్పు. బిడ్డ పెండ్లికి అప్పు. మేస్త్రీ దగ్గర ముందుగా తీసుకున్న బాకీ. కడప దిక్కున రాయచోటి, రాజంపేట నుంచి ఎంతోమంది ఆడోళ్ళు కువైట్‌కు ఇంటిపనికి పోయారు. బిడ్డల ముఖం చూడక ఏండ్లు గడిపారు. రాత్రి నిద్ర పట్టదు. ఎద్దు ఇరవై ఏండ్లు మీదికి వస్తానే ఉన్నట్టు లెక్క. బిగుసుకున్న నాళం సడలే సమయమే దొరకదు.

కడుపు నిండినవాళ్ళలో కూడా ఈ తేడా కనిపించింది. లండన్‌లో 1967 నుంచి ప్రభుత్వ ఉద్యోగం చేసే 17 వేల మందికి పైగా మగవాళ్ళను చాలా ఏండ్లు గమనించారు. మైఖేల్ మార్మట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు ఆ లెక్క తీశారు. అందరికీ నెల జీతం ఉంది. ఎవరూ పస్తులుండేవాళ్ళు కాదు. అయినా పెద్ద అధికారుల కంటే, కింద ఉన్న బంట్రోతులు, కావలివాళ్ళు గుండెపోటుతో మూడు రెట్లకు పైగా ఎక్కువ చనిపోయారు. చిన్న ఉద్యోగస్తులు సిగరెట్లు ఎక్కువ తాగిన మాట నిజమే. దాన్ని తీసేసి చూసినా తేడా చాలా వరకు అట్లాగే ఉండిపోయింది. ఒకరి చేతి కింద బతకడం, తన పని మీద తనకు చెల్లుబాటు లేకపోవడం, చిన్నప్పటి లేమి, ఇవన్నీ లోపల పనిచేస్తాయని అప్పటి నుంచి డాక్టర్లు ఆలోచించడం మొదలుపెట్టారు.

"అయితే ఇది పెద్దోళ్ళ రోగం కాదన్న మాట" అన్నాడు పెద్దక్క మొగుడు.

"వాళ్ళకూ వస్తాది మామా. వాళ్ళు గంటలో ఆసుపత్రికి పోతారు. బిళ్ళ మానరు. మనోళ్ళకు వస్తే నాలుగో రోజు" అన్నది నర్సమ్మ.

ఆయన తల వంచుకున్నాడు. నర్సమ్మ ఆ మాట ఆయన్ను నొప్పించడానికి అనలేదు. కానీ అది తగిలింది.

ఇప్పుడేం చేయొచ్చు?

పోయిన చిన్నతనాన్ని ఎవరూ తిరిగి తేలేరు. అయినా నలభై, యాభై ఏండ్ల వయసులో కూడా నాళానికి మేలు చేయవచ్చు. అందులో అన్నిటికంటే సులువైనది, ఎక్కువ మేలు చేసేది బీపీ బిళ్ళ.

బీపీకి రెండు అంకెలు ఉంటాయి. 120/80 అని రాస్తారు. పైది గుండె తోసినప్పటి ఒత్తిడి. కిందిది గుండె సడలినప్పటి ఒత్తిడి. పైది 140 గానీ, కిందిది 90 గానీ దాటి, రెండు మూడుసార్లు చూసినా అట్లాగే ఉంటే బీపీ జబ్బు ఉన్నట్టు. పెద్దక్కకు రెండేండ్ల కింద చూసినప్పుడు 180/110 ఉంది. చీటీ మీద రాసే ఉంది. చీటీ డబ్బాలో ఉంది. అంకెలు చదవడం వచ్చినా, ఆ అంకెలకు అర్థం ఎవరూ చెప్పలేదు.

బీపీకి తలనొప్పి గుర్తు కాదు. చాలామందికి ఏ బాధా ఉండదు. అందుకే బిళ్ళ మానేస్తారు. బాధ తగ్గడానికి వేసుకునే బిళ్ళ కాదు అది. నాళం చిట్లకుండా, పూడకుండా వేసుకునే బిళ్ళ. సబ్ సెంటరులో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డబ్బులు లేకుండా ఇస్తారు. 30 ఏండ్లు దాటిన అందరికీ బీపీ, షుగరు చూడాలని ప్రభుత్వ కార్యక్రమం ఉంది. ఆశా కార్యకర్తను అడగాలి. సుగ్గికి పోయేముందు, ఎన్ని నెలలు పోతారో చెప్పి, అన్ని నెలలకూ బిళ్ళలు అడిగి తీసుకోవాలి. అన్ని నెలలకు ఇవ్వకపోతే చీటీ వెంట పెట్టుకొని, పోయిన చోట ఆరోగ్య కేంద్రంలో చూపించాలి.

మూతి ఒక పక్కకు పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా అది గాలి కాదు, ధూళి కాదు. వెంటనే 108కి ఫోను చేయాలి. గడ్డను కరిగించే సూది మందు ఉంది. అందరికీ అది సరిపడదు. సరిపడేవాళ్ళకు కూడా నాలుగున్నర గంటల లోపల వేయాలి. అందుకే జబ్బు ఎన్ని గంటలకు మొదలైందో గుర్తు పెట్టుకొని డాక్టరుకు చెప్పాలి. నిమ్మకాయ తిప్పే సమయం కూడా అందులోనే పోతుంది.

ఆడోళ్ళకు గుండెపోటు వస్తే ఒక్కోసారి ఎదనొప్పి గట్టిగా రాదు. ఆయాసం, వీపులో, దవడలో నొప్పి, చెమటలు, వాంతి వచ్చేట్టు ఉండటం, చెప్పలేని నీరసం ఉంటాయి. "గ్యాసు" అని పండుకుంటారు. అట్లా పండుకోకూడదు.

పెద్దక్క ఇప్పుడు కర్ర పట్టుకొని వాకిలి దాకా నడుస్తా ఉంది. మాట సగం వచ్చింది. నర్సమ్మ నెలకొకసారి బీపీ చూస్తుంది. అంకెలను చిన్నకోడలు పాత నోటు పుస్తకంలో రాస్తుంది. కిందటి నెల 150/94. ఈ నెల 138/86. పక్క పేజీలో కోడలి బరువు కూడా ఉంది. అయిదో నెలలో 43 కిలోలు. ఆరో నెలలో 44.

ఒకరోజు కోడలు అంగన్‌వాడీ నుంచి గుడ్డు తెచ్చింది. అలవాటు ప్రకారం వొలిచి, మొగుడి కంచంలో పెట్టబోయింది. పెద్దక్క ఎడమచేత్తో కర్ర ఎత్తి నేల మీద కొట్టింది. అందరూ తిరిగి చూశారు. ఆమె నోరు తిప్పుకొని, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కొని, "నువ్... తి...ను" అన్నది. కొడుకు కంచం పక్కకు జరుపుకున్నాడు. కోడలు అక్కడే, అందరి ముందర, గుడ్డు తిన్నది.

చదివినాక మాట్లాడుకోండి

మీ ఇంట్లో రాత్రి చివరగా తినేది ఎవరు? అప్పటికి గిన్నెలో ఏమేం మిగులుతాయి?

మీ ఇంట్లో 30 ఏండ్లు దాటినవాళ్ళు ఎంతమంది? వాళ్ళ బీపీ అంకెలు ఎక్కడైనా రాసి ఉన్నాయా?

అయిదుగురు ఉన్న ఇంట్లో ఒక్కొక్కరికి రోజుకు 5 గ్రాముల ఉప్పు అయితే, కిలో ప్యాకెట్ 40 రోజులు రావాలి. మీ ఇంట్లో ఎన్ని రోజులు వస్తుంది? ప్యాకెట్ తెరిచిన తేదీ దాని మీదే రాసి చూడండి.